తెర మీద వ్యాయామం: శారీరక వైకల్యం ఉన్న యువతకు వీడియో ఒక్కటే సరిపోతుందా?

ఆటల పీరియడ్ గంట మోగగానే తరగతి గది ఖాళీ అవుతుంది. ఒకరు మాత్రం బెంచీ మీదే ఉండిపోతారు. లేదంటే మైదానం పక్కన చెట్టు నీడన కూర్చుని స్నేహితుల సంచులకు కాపలా కాస్తారు. కాస్త చొరవ ఉన్న పీఈటీ అయితే స్కోరు రాసే పని అప్పగిస్తారు. సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, వెన్నుపాము గాయం వంటి కారణాలతో కదలిక పరిమితమైన పిల్లల్లో చాలామందికి మన బడుల్లో వ్యాయామ విద్య అంటే ఇంతే. ‘పాపం, వాడినెందుకు కష్టపెట్టడం’ అన్న జాలి దీని వెనుక ఉంటుంది. ఆ జాలే వాళ్ల శరీరానికి ఎక్కువ నష్టం చేస్తుంది.

2020 లాక్‌డౌన్‌లో దేశమంతా ఫోన్ ముందు నిలబడి వ్యాయామం చేసింది. ఇంటి గడప దాటడమే కష్టమైన యువతకు అప్పుడు ఒక దారి కనిపించింది. ఆన్‌లైన్ క్లాసుకు వెళ్లాలంటే బస్సు మెట్లు ఎక్కనక్కర్లేదు, జిమ్‌లో అందరి చూపులూ భరించనక్కర్లేదు, తోడు రావడానికి నాన్న కూలి మానుకోనక్కర్లేదు. యూట్యూబ్‌లో కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాల వీడియోలు ఇప్పుడు కోకొల్లలు. అయితే వీటివల్ల నిజంగా ప్రయోజనం ఉందా? ఉంటే ఎవరికి, ఏ మేరకు?

ఎంత వ్యాయామం కావాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో వ్యాయామంపై కొత్త మార్గదర్శకాలు విడుదల చేసింది. వైకల్యంతో జీవిస్తున్నవారి కోసం అందులో మొదటిసారిగా విడిగా సిఫార్సులు చేర్చారు. వాటి ప్రకారం వైకల్యం ఉన్న 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరం. వారంలో కనీసం 3 రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలి. పెద్దలకైతే వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. ఇవి వైకల్యం లేనివారికి చెప్పిన అంకెలే. శరీర స్థితికి తగ్గట్టుగా మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటే ప్రమాదం కన్నా ప్రయోజనమే ఎక్కువన్నది ఆ సంస్థ చెబుతున్న మాట. అంత చేయలేకపోయినా, ఎంతోకొంత చేయడం అసలు చేయకపోవడం కన్నా మేలని కూడా చెప్పింది.

కౌమారంలో ఈ అవసరం మరింత పెరుగుతుంది. పదేళ్లప్పుడు తల్లి ఎత్తుకుని తిప్పగలిగిన బిడ్డ పదిహేనేళ్లకు బరువవుతాడు. ఎముకలు వేగంగా పొడవవుతుంటే బిగుసుకుపోయిన కండరాలు వాటితో సమానంగా సాగవు. కీళ్లు వంగిపోతాయి, నడక మరింత కష్టమవుతుంది. చిన్నప్పుడు చేతికర్రలతో నడిచిన సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో కొందరు యుక్తవయసు వచ్చేసరికి చక్రాల కుర్చీకి మారడానికి ఇదొక కారణం. సరిగ్గా ఈ వయసులోనే ఫిజియోథెరపీ కూడా తగ్గిపోతుంది. పదో తరగతి చదువు ముందుకొస్తుంది, ఆసుపత్రికి తీసుకెళ్లే ఓపిక ఇంట్లోవారికి సన్నగిల్లుతుంది. ‘ఇన్నేళ్లు చేశాం, ఇంకేం మారుతుంది’ అన్న నిరాశ మొదలవుతుంది.

ఒక పాత అపోహ కూడా ఇందుకు తోడైంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారు బరువులతో వ్యాయామం చేస్తే కండరాల బిగుతు ఇంకా పెరుగుతుందని వైద్య రంగంలోనే చాలాకాలం నమ్మారు. ఆ భయానికి ఆధారం లేదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అయినా చాలా ఇళ్లలో, కొన్ని క్లినిక్‌లలో ఆ మాట ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఆన్‌లైన్ వ్యాయామం మూడు రకాలు

‘ఆన్‌లైన్ వ్యాయామం’ అని ఒకే పేరుతో పిలుస్తున్నా, అందులో మూడు వేర్వేరు విషయాలున్నాయి. మొదటిది ముందే చిత్రీకరించిన వీడియో. చూసి చేయడమే, అవతల మనల్ని చూసేవారు ఉండరు. రెండోది ప్రత్యక్ష తరగతి. ఫిజియోథెరపిస్టు లేదా శిక్షణ పొందిన బోధకులు వీడియో కాల్‌లో ఒక్కరికో, చిన్న బృందానికో నేర్పిస్తారు; తప్పు చేస్తే అక్కడికక్కడే సరిదిద్దుతారు. మూడోది ఆట రూపంలో ఉండే శిక్షణ. కెమెరా లేదా తలకు పెట్టుకునే వీఆర్ పరికరం కదలికను గుర్తిస్తుంది, శరీరమే ఆటలో మీటగా మారుతుంది, ఎంతసేపు చేశారో చికిత్సకులకు దూరం నుంచే తెలుస్తుంది.

ఈ రంగంలో అమెరికా ముందు నుంచీ పనిచేస్తోంది. ఆరోగ్యం, శారీరక శ్రమ, వైకల్యాల మీద పనిచేసే అక్కడి జాతీయ కేంద్రం 1999లో మొదలైంది, ఇప్పుడు అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నుంచి నడుస్తోంది. కూర్చుని చేసే వ్యాయామాల వీడియోలను ఉచితంగా అందించడంతో పాటు ఆన్‌లైన్ బృంద శిక్షణ కూడా ఇస్తోంది. అదే నగరంలోని విశ్వవిద్యాలయ పరిశోధకులు సెరిబ్రల్ పాల్సీ ఉన్న యువతకు ఇంట్లోనే వీఆర్ ఆటలతో వ్యాయామం చేయించే ప్రయోగాలు చేశారు. ఆ పరికరాలు మన మధ్యతరగతికే భారం. కానీ అలాంటి ప్రయోగాలు నేర్పిన పాఠాలకు ఖరీదు లేదు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

దక్షిణ ఆస్ట్రేలియాలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న 41 మంది కౌమార వయస్కులపై జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. వారిలో ఒక బృందానికి 8 వారాల పాటు వెబ్‌సైట్ ద్వారా వ్యాయామ సమాచారం, లక్ష్యాలు, ప్రోత్సాహం అందించారు. ఆ బృందంలో కొద్దిపాటి కదలిక కనిపించినా, రెండు బృందాల మధ్య గట్టిగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే సమాచారం అందినంత మాత్రాన అలవాటు మారలేదు.

డెన్మార్క్‌లో తయారైన ‘మీటీ’ అనే వెబ్ శిక్షణ ఇంకో అడుగు ముందుకు వేసింది. చేతికో తలకో కట్టుకున్న పచ్చటి పట్టీ కదలికను కంప్యూటర్ కెమెరా గుర్తిస్తుంది. పిల్లలు కూర్చుంటూ, లేస్తూ, చేయి చాపుతూ ఆటలోని చిక్కుముడులు విప్పాలి. ఎవరికి ఎంత కష్టమైన ఆట ఇవ్వాలో చికిత్సకులు దూరం నుంచే నిర్ణయిస్తారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు దీన్ని శరీరంలో ఒకవైపు ప్రభావితమైన సెరిబ్రల్ పాల్సీ పిల్లలపై పరీక్షించారు. 8 నుంచి 18 ఏళ్ల మధ్య వయసున్న సుమారు వంద మంది ఇందులో పాల్గొన్నారు. రోజుకు 30 నిమిషాలు, వారానికి 6 రోజులు, 20 వారాలు చేయాలన్నది ప్రణాళిక.

ఫలితాలు రెండు రకాలుగా వచ్చాయి. పిల్లల కాళ్ల బలం పెరిగింది. 6 నిమిషాల్లో నడవగల దూరం పెరిగింది. రోజువారీ పనులు చేసుకునే నేర్పు మెరుగుపడింది. అయితే వాళ్లు మామూలు రోజుల్లో ఎంత కదులుతున్నారో కొలిచే పరికరం కట్టి చూస్తే, అందులో మార్పు లేదు. పైగా అనుకున్న 60 గంటల్లో సగటున సుమారు సగమే పూర్తయ్యాయి.

అసలు విషయం ఇక్కడే ఉంది. చేయగలగడం వేరు, చేస్తుండడం వేరు. తెర మీది శిక్షణ మొదటిదాన్ని పెంచగలదని ఈ అధ్యయనం చూపింది. రెండోది మాత్రం చుట్టూ ఉన్న మనుషుల మీద, వీధి మీద, బడి మీద ఆధారపడి ఉంటుంది. నడిచే బలం వచ్చిన కుర్రాడికి నడిచి వెళ్లడానికి ఒక చోటు కావాలి, కలిసి ఆడేవాళ్లు కావాలి. అవి లేకపోతే పెరిగిన బలం మంచం మీదే వృథా అవుతుంది.

అందరికీ ఒకే వీడియో ఎందుకు పనికిరాదు?

శారీరక వైకల్యం ఒక జబ్బు పేరు కాదు. పైకి ఒకేలా కనిపించే ఇద్దరు చక్రాల కుర్చీ యువకులకు పూర్తిగా భిన్నమైన వ్యాయామం అవసరం కావచ్చు.

డుషెన్ రకం కండరాల క్షీణత ఉన్నవారిలో కండర కణాలు శ్రమకు సులభంగా దెబ్బతింటాయి. ‘ఇంకొక్కసారి, నొప్పి వస్తే బలం వస్తుంది’ అని ఉత్సాహపరిచే జిమ్ వీడియో వారికి కీడు చేస్తుంది. బరువులెత్తడం, గుంజిళ్ల వంటివి మానుకుని, అలసట రాకముందే ఆగే తేలికపాటి శ్రమ వారికి మంచిది.

వెన్నుపాము ఛాతీ మధ్య భాగంలో గానీ ఆపైన గానీ గాయపడినవారిలో రక్తపోటు ఉన్నట్టుండి ప్రమాదకర స్థాయికి పెరగవచ్చు. విపరీతమైన తలనొప్పి, ముఖం ఎర్రబారడం, చెమటలు దీని సూచనలు. మూత్రాశయం నిండి ఉండడం కూడా ఇందుకు కారణం కాగలదు. వీరిలో చెమట పట్టే వ్యవస్థ సరిగా పనిచేయదు కాబట్టి శరీరం త్వరగా వేడెక్కుతుంది. మే నెలలో రేకుల ఇంట్లో, ఫ్యాన్ లేని గదిలో వీడియో చూస్తూ వ్యాయామం చేయడం వీరికి చిన్న విషయం కాదు. స్పర్శ తెలియనివారు ఒకేచోట కూర్చుని కదులుతుంటే చర్మం ఒరిసి పుండ్లు పడతాయి. తేలికగా ఎముకలు విరిగే జన్యు సమస్య ఉన్నవారికి నడుము మెలితిప్పే ఆసనం ముప్పు తెస్తుంది. రోజంతా చేతులతో కుర్చీ నెట్టుకునేవారి భుజాలు అప్పటికే అరిగి ఉంటాయి. వారికి కావలసింది నెట్టే వ్యాయామం కాదు, వెనక్కి లాగే వ్యాయామం.

ఇవన్నీ చెప్పింది భయపెట్టడానికి కాదు. ఈ తేడాలు తెలిసిన మనిషి ఒకరు ముందుగా చూసి, ‘ఇది చేయి, అది వద్దు’ అని చెబితే మిగతాదంతా ఇంట్లో క్షేమంగా చేసుకోవచ్చు. ఆ మొదటి పరీక్షకు వీడియో ప్రత్యామ్నాయం కాలేదు.

మన దగ్గర పరిస్థితి

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్లు. వారిలో సుమారు 54 లక్షల మందికి కదలికకు సంబంధించిన వైకల్యం ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించే వైకల్యాలను 21కి పెంచింది. సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత పేర్లు ఆ జాబితాలో ఉన్నాయి. ఆ చట్టంలోని 30వ సెక్షన్ క్రీడల్లో వైకల్యం ఉన్నవారు పాల్గొనేలా చూడడం ప్రభుత్వ బాధ్యతని చెబుతుంది. అందుకు తగిన సాంకేతికతను అభివృద్ధి చేయాలని కూడా అంటుంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో భారత్ 29 పతకాలు గెలిచింది. చేతులు లేకుండా పుట్టి, కాలితో విల్లు ఎక్కుపెట్టే శీతల్ దేవిని దేశమంతా చూసింది. ఆ గర్వం న్యాయమైనదే. కానీ పతకం అక్కర్లేని, పొద్దున్నే అరగంట ఒళ్లు కదిలించుకుంటే చాలనుకునే లక్షల మందికి ఏ ఏర్పాటు ఉందన్నది వేరే ప్రశ్న.

తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రశ్నకు సగం జవాబు ఇప్పటికే ఉంది. సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువుతో పాటు ఫిజియోథెరపీ కూడా అందుతుంది. ఫిజియోథెరపిస్టు నిర్ణీత రోజుల్లోనే కేంద్రానికి వస్తారు. ఆ రోజు తల్లికి కూలి పని ఉన్నా, ఆటో దొరక్కపోయినా ఆ వారానికి వ్యాయామం లేనట్టే. మిగతా రోజుల్లో ఇంట్లో ఏం చేస్తున్నారో చూసే ఏర్పాటు ఉండదు. బడి ఈడు దాటాక ఆ తలుపు కూడా మూసుకుంటుంది. చట్టం ఉచిత విద్యకు పెట్టిన గరిష్ఠ వయసు 18 ఏళ్లు. శరీరానికి మాత్రం ఆ తేదీతో సంబంధం లేదు.

నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యం, థెరపీ ఖర్చులకు ఉపయోగపడుతుంది. అయితే అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకే పరిమితం. కండరాల క్షీణత మాత్రమే ఉన్న యువకుడు, ప్రమాదంలో వెన్ను విరిగిన యువతి ఆ పరిధిలోకి రారు.

ఇక ఫోన్ సంగతి. గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల వారిపై జరిగిన అసర్ 2023 సర్వేలో దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నట్టు తేలింది. కానీ ఫోన్ వాడడం తెలిసినవారిలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతమైతే, అమ్మాయిలు 19.8 శాతమే. ఇంట్లో ఫోన్ ఉండడం, అది తన చేతికి రావడం ఒకటి కాదు. నాన్న పనికి వెళ్తూ ఫోన్ జేబులో వేసుకుని వెళ్లిపోతే సాయంత్రం దాకా తరగతి లేనట్టే. ఆపై ఇరుకు గది, కెమెరా ముందు ఒళ్లు కదిలించడానికి అమ్మాయిలకు ఉండే సంకోచం, ఆ వీడియో ఎక్కడికి పోతుందోనన్న తల్లిదండ్రుల భయం ఉంటాయి. 18 ఏళ్లలోపు వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి ధ్రువీకరించదగిన అనుమతి ఉండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. వ్యాయామం యాప్‌లకూ ఇది వర్తిస్తుందన్న సంగతి తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి.

ఆయ్‌కుడి చూపిన దారి

తమిళనాడులోని తెన్‌కాశి జిల్లా ఆయ్‌కుడిలో అమర్ సేవా సంగం అనే సంస్థ ఉంది. 1975లో నౌకాదళ అధికారి ఎంపిక పరీక్షల్లో గాయపడి మెడ కింద నుంచి చచ్చుబడిపోయిన ఎస్. రామకృష్ణన్ దీన్ని 1981లో స్థాపించారు. 2020లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఎదుగుదల లోపాలున్న చిన్నపిల్లల కోసం ఈ సంస్థ ‘ఎనేబ్లింగ్ ఇన్‌క్లూజన్’ అనే యాప్‌ను రూపొందించింది. శిక్షణ పొందిన ఊరి కార్యకర్త ఆ యాప్‌తో ఇంటికి వెళ్తారు. బిడ్డ స్థితిని నమోదు చేస్తారు. దూరంగా ఉన్న నిపుణులు దాన్ని చూసి ప్రణాళిక ఇస్తారు. కార్యకర్త దాన్ని తల్లికి నేర్పిస్తారు. లాక్‌డౌన్‌లో ఇళ్లకు వెళ్లడం ఆగిపోయినప్పుడు ఫోన్ ద్వారానే పని కొనసాగించగలిగారంటే, అంతకుముందే కుటుంబాలతో ఏర్పడిన పరిచయమే కారణం.

ఇది ప్రధానంగా చిన్నపిల్లల కోసం చేసిన ప్రయత్నం. కానీ దాని సూత్రం యువతకూ సరిపోతుంది. అక్కడ యాప్ ఒంటరిగా ఇంటికి వెళ్లలేదు, యాప్‌ను పట్టుకుని ఒక మనిషి వెళ్లాడు. ఆస్ట్రేలియా ప్రయోగంలో కొరవడిన రెండో సగం ఇదే.

మన రాష్ట్రాల్లో దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. భవిత కేంద్రంలో ఫిజియోథెరపిస్టు ప్రతి విద్యార్థినీ మూడు నెలలకోసారి స్వయంగా పరీక్షించి వ్యాయామ ప్రణాళిక రాయవచ్చు. మిగతా వారాల్లో చిన్న బృందాలకు తెలుగులో ప్రత్యక్ష ఆన్‌లైన్ తరగతులు నడపవచ్చు. 18 దాటినవారినీ ఆ బృందాల్లో కొనసాగించవచ్చు. బడిలో పీఈటీకి ఆ ప్రణాళిక ప్రతి ఒకటి ఇస్తే, ఆటల పీరియడ్‌లో ఆ విద్యార్థికీ ఒక పని ఉంటుంది. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. ఆ కేసు బ్యాంకు ఖాతాల వంటి వాటికి చేసే కేవైసీ ప్రక్రియకు సంబంధించినది. అయినా ప్రభుత్వం తెచ్చే ఏ ఆరోగ్య యాప్‌కైనా ఆ స్ఫూర్తే కొలమానం కావాలి.

మొదలుపెట్టే ముందు

ఈలోగా ఇంట్లో మొదలుపెట్టాలనుకునేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. ముందు ఒకసారైనా ఫిజియోథెరపిస్టును నేరుగా కలిసి, చేయకూడనివి ఏమిటో కాగితం మీద రాయించుకోవాలి. ఆన్‌లైన్ తరగతి తీసుకుంటే, నేర్పేవారి అర్హత ఏమిటో, మీ వైకల్యం గురించి వాళ్లు ముందుగా ఏమైనా అడిగారో లేదో చూడాలి. ఏమీ అడగకుండా ‘అందరూ చేయవచ్చు’ అనేవారికి దూరంగా ఉండటమే మంచిది. తరగతి జరుగుతున్నంతసేపూ ఇంట్లో ఒకరు పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి. కుర్చీ బ్రేకులు వేసి ఉండాలి, పక్కన నీళ్లు ఉండాలి. వ్యాయామం చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. చాలామందికి ఇది ఓ మోస్తరు శ్రమకు గుర్తు. మర్నాటికీ తగ్గని నొప్పి, ముదురు రంగు మూత్రం, ఉన్నట్టుండి వచ్చే తలనొప్పి కనిపిస్తే ఆపి డాక్టరును కలవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఒంటరిగా చేయకపోవడం. అన్నో, చెల్లో, పక్కింటి స్నేహితుడో అదే వీడియో ముందు కూర్చుని అవే కదలికలు చేస్తే అది చికిత్స కాకుండా ఆట అవుతుంది. ఏం చేయాలో తెర చూపిస్తుంది. రేపు కూడా చేయాలనిపించేది పక్కనున్న మనిషిని చూసే. చెట్టు కింద సంచులకు కాపలా కాస్తున్న విద్యార్థికి ఫోన్‌తో పాటు మనం ఇవ్వాల్సింది ఆ తోడునే.